‘మేము’, ‘మనం’: అమెరికా స్థాపన పత్రాల నుంచి ‘యజ్ఞం’ దాకా

1

1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన, 1787లో రాసుకున్న రాజ్యాంగం, 1791లో దానికి చేరిన తొలి పది సవరణలు - ఈ మూడూ కలిసి అమెరికా ప్రభుత్వానికి పునాది పత్రాలు. 2026 జూలై 4తో ఆ ప్రకటనకు 250 ఏళ్లు. వీటి విషయంలో మన సాహిత్య లోకంలో రెండు ధోరణులు చాలాకాలంగా ఉన్నాయి. ఒకటి పాఠ్యపుస్తకాల ధోరణి. స్వేచ్ఛ, సమానత్వం అనే మాటలు అక్కడే పుట్టాయన్నట్టు, పుట్టగానే అందరికీ పంచిపెట్టినట్టు చెప్పడం. రెండోది మన అభ్యుదయ శిబిరంలో వినిపించేది. బానిసల్ని కొని అమ్మినవాళ్లు సమానత్వం గురించి రాసిన కాగితం మనకెందుకని దాన్ని అవతలికి తోసెయ్యడం.

రెండో ధోరణిలోని కోపం న్యాయమైనదే. అయితే కోపం విమర్శకు బదులు కాదు. తోసెయ్యదలచుకున్న రచననైనా ముందు చదవాలి. పైగా ఇవి కేవలం చట్టాలు కావు, వచన రచనలు. ఇరవయ్యో శతాబ్దంలో వలస పాలన వదిలించుకున్న దేశాలు తమ రాజ్యాంగాలు రాసుకునేటప్పుడు ఈ వచనాన్ని దగ్గర పెట్టుకున్నాయి. మన రాజ్యాంగ ప్రవేశిక మొదలయ్యే తీరే అందుకు సాక్ష్యం.

ఈ వ్యాసంలో ఒకే ఒక మాట పట్టుకుని ఆ పత్రాలను చదువుతాను. ఇంగ్లీషులో అది ‘వుయ్’. 1776 ప్రకటన ఆ మాటతో తన సిద్ధాంతం చెబుతుంది. 1787 రాజ్యాంగం ఆ మాటతోనే మొదలవుతుంది. మన ప్రవేశికా అంతే. ఇంగ్లీషుకు ఈ సర్వనామం ఒక్కటే. తెలుగుకు రెండున్నాయి. ‘మేము’ అంటే వినేవాడు అందులో లేడు. ‘మనం’ అంటే వినేవాడూ ఉన్నాడు. చిన్నపిల్లలు కూడా తప్పుచెయ్యని ఈ తేడా ఇంగ్లీషు పాఠకుడి కంటికి కనపడదు. తెలుగులోకి తెచ్చేవాడు మాత్రం ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. మన ప్రవేశికను తెలుగు చేసినవాళ్లు ‘మేము’ అనే తేల్చారు. ఆ ‘మేము’లో ఎవరున్నారు, దాన్ని ఎవరు ఎవరితో అంటున్నారు అన్నది వ్యాకరణ ప్రశ్నగానే మొదలవుతుంది కానీ అక్కడితో ఆగదు. మన జిల్లా చరిత్రలోకీ, మన జిల్లా కథలోకీ తీసుకుపోతుంది.

2

అర్జీ అంటే ఏమిటో పలాస, టెక్కలి ప్రాంతాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బడిపంతుళ్లం కాబట్టి మాచేత అర్జీలు రాయించుకోడానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అర్జీకి ఒక శిల్పం ఉంది. పైన అధికారి హోదా, గౌరవ వాచకాలు. తర్వాత రాసుకునేవాడి పేదరికం. తర్వాత జరిగిన అన్యాయాల వరస. చివర ‘తమరు దయతలచి’ అనే వేడికోలు. అందులో ఎంత న్యాయమున్నా దాని వ్యాకరణం మాత్రం యాచనదే. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద.

అమెరికా వలసవాసులు కూడా ముందు అర్జీయే పెట్టుకున్నారు. 1775 జూలైలో వాళ్ల కాంగ్రెసు మూడో జార్జి రాజుకు ఒక విన్నపం పంపింది. ఆలివ్ కొమ్మ విన్నపమని దానికి పేరు. ‘మేము తమ విధేయ ప్రజలం, తమ మంత్రుల చేతల నుంచి మమ్మల్ని కాపాడండి’ అన్నది దాని సారాంశం. రాజు దాన్ని అందుకోడానికే నిరాకరించాడు. వలసలు తిరుగుబాటులో ఉన్నాయని ఆగస్టులో ప్రకటించాడు. మరుసటి ఏడాది జూలైలో వచ్చింది స్వాతంత్ర్య ప్రకటన.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. ప్రకటనలో పెద్దభాగం మళ్లీ అన్యాయాల పట్టికే. శాసనసభల్ని రద్దుచేశాడు, మా సమ్మతి లేకుండా పన్నులు వేశాడు, శాంతికాలంలో సైన్యాన్ని మా మధ్య దింపాడు - ఇట్లా ఇరవై ఏడు ఆరోపణలు. సరుకు అర్జీదే. మారింది సర్వనామం. అర్జీలో రాజు ‘తమరు’. ప్రకటనలో రాజు ‘అతడు’. రాజుతో మాట్లాడటం మానేసి, రాజు గురించి ప్రపంచంతో మాట్లాడుతున్నారు. నా దృష్టిలో ఆ పత్రంలోని విప్లవం ముందు ఈ వాక్య నిర్మాణంలో ఉంది. దాని తత్త్వం ఈ నిర్మాణానికి సమర్థన.

ఆ తత్త్వాన్ని నాలుగు మాటల్లో చెప్పవచ్చు. మనుషులంతా సమానంగా పుట్టారు. బతుకు, స్వేచ్ఛ, ఆనందాన్వేషణ అనే హక్కులు ఎవరో ఇస్తే వచ్చినవి కావు, ఎవరూ తీసుకోడానికి వీల్లేదు. ఈ హక్కుల్ని కాపాడటానికే ప్రభుత్వాలున్నాయి, వాటి అధికారం పాలితుల సమ్మతి నుంచి వస్తుంది. ఆ పని చెయ్యని ప్రభుత్వాన్ని మార్చుకునే, తీసివేసుకునే హక్కు ప్రజలది. వీటిలో చాలాభాగం పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు తాత్త్వికుడు జాన్ లాక్ చెప్పిందే. అయితే లాక్ బతుకు, స్వేచ్ఛల పక్కన ఆస్తిని పెట్టాడు. జెఫర్సన్ ముసాయిదాలో ఆస్తి ఉండవలసిన చోట ఆనందాన్వేషణ వచ్చింది. ఇది చూసి మురిసిపోనక్కర్లేదు. 1791 నాటి అయిదో సవరణలో బతుకు, స్వేచ్ఛల పక్కకు ఆస్తి మళ్లీ వచ్చి కూర్చుంది. ప్రకటన రాసేటప్పుడు జనాన్ని కదిలించాలి, రాజ్యాంగం రాసేటప్పుడు ఆస్తికి భరోసా ఇవ్వాలి. రెండు పత్రాల మధ్య ఈ పదిహేనేళ్లలో అధికారం చేతికొచ్చిన వర్గం ఏదో ఈ ఒక్క మాట చెబుతుంది.

3

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగం మొదటి వాక్యానికి ఒక రచనా చరిత్ర ఉంది. తొలి ముసాయిదాలో ‘మేము’ అన్న తర్వాత పదమూడు రాష్ట్రాల పేర్లూ వరసగా ఉండేవి. ఏ రాష్ట్రాలు ఆమోదిస్తాయో, ఏవి ఆమోదించవో ముందే తెలియదు. భాష సరిచెయ్యడానికి వేసిన సంఘం, అందులో ముఖ్యంగా మోరిస్ అనే సభ్యుడు, ఆ పేర్లు కొట్టేసి ‘సంయుక్త రాష్ట్రాల ప్రజలం’ అని మార్చారు. ఒక చిక్కు తప్పించుకోడానికి చేసిన సవరణ రాజనీతి శాస్త్రంలో ఒక సిద్ధాంతమయింది. అధికారానికి మూలం రాష్ట్రాలు కాదు, ప్రజలు అన్నది ఆ సిద్ధాంతం.

ఆ ప్రజలెవరు? ఈ రాజ్యాంగాన్ని సాహిత్య విద్యార్థి చదవవలసింది ఇక్కడే. బానిస అనే మాట అసలు పత్రంలో ఎక్కడా లేదు. ప్రతినిధుల సంఖ్య లెక్కకట్టే చోట ‘ఇతర వ్యక్తులు’ అంటుంది, వాళ్లను అయిదింట మూడు వంతుల లెక్కన కలుపుతుంది. ఆ లెక్క వల్ల బానిసకు ఓటు రాలేదు, బానిస యజమానుల రాష్ట్రాలకు ప్రతినిధులు పెరిగారు. పారిపోయిన బానిసను పట్టి అప్పగించాలని చెప్పే చోట ‘సేవకో శ్రమకో కట్టుబడిన వ్యక్తి’ అంటుంది. ఆ మాట రాజ్యాంగంలోకి మొదటిసారి వచ్చింది 1865లో, బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడో సవరణలోనే. రాసినవాళ్లకు సిగ్గు ఉంది, కాబట్టే మాట దాచారు. లాభం ఉంది, కాబట్టే వస్తువు దాచలేదు. 1776 ప్రకటన ముసాయిదాలో బానిస వ్యాపారాన్ని రాజు మీద నేరంగా మోపుతూ జెఫర్సన్ రాసిన భాగాన్ని కాంగ్రెసు కొట్టేసింది. ఆ జెఫర్సనే తన జీవితకాలంలో ఆరువందలకు పైగా బానిసలకు యజమాని. అదే ప్రకటన ఆ నేల మీది ఆదివాసుల్ని దయలేని అనాగరికులని తిట్టింది. ఓటు హక్కులో స్త్రీపురుష భేదం చూపకూడదని రాజ్యాంగం చెప్పడానికి 1920 దాకా పట్టింది. కాబట్టి 1787 నాటి ఆ సర్వనామాన్ని తెలుగు చెయ్యవలసి వస్తే ‘మేము’ అనే చెయ్యాలి. ‘మనం’ అంటే అబద్ధమవుతుంది.

ఇంతవరకూ మన రెండో ధోరణి సరైనదే. మరి ఆ పత్రాన్ని ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న మనకంటే ముందు అమెరికాలో బానిసత్వాన్ని ఎదిరించినవాళ్లకే వచ్చింది. విలియం లాయిడ్ గారిసన్ 1854 జూలై 4న రాజ్యాంగ ప్రతిని బహిరంగ సభలో తగలబెట్టాడు. ఆయన అనుచరుడుగా మొదలైన ఫ్రెడరిక్ డగ్లస్ స్వయంగా బానిసగా పుట్టినవాడు, పారిపోయి వచ్చినవాడు. 1852లో రోచెస్టర్ పట్టణంలో చేసిన ప్రసంగంలో ఆయన మీ స్వాతంత్ర్య దినం బానిసకు ఏమవుతుందని తెల్లవారిని నిలదీశాడు. ఆ ప్రసంగం నిండా ‘మీరు’, ‘మీ’ అన్న మాటలే. అయినా ఆయన పత్రాన్ని తగలబెట్టలేదు. దాని మాటల్ని వాటి నిండు అర్థంలో చదివితే అందులో బానిసత్వానికి చోటు లేదని వాదించాడు. రాసినవాళ్ల ఉద్దేశం వేరు, రాసిన వాక్యం వేరు అన్నాడు.

సాహిత్య విమర్శలో మనం నిత్యం అనుసరించే సూత్రమే ఇది. కవి ఏ వర్గం వాడైనా, పద్యం బయటికి వచ్చాక అది చదివేవాళ్లది. గారిసన్‌ది నైతిక ఆగ్రహం, డగ్లస్‌ది పఠన పద్ధతి. అణగారినవాడు పత్రాన్ని చదవడమంటే తనను బయట పెట్టిన ‘మేము’లోకి బలవంతాన ప్రవేశించడం. డగ్లస్ చదువు ఒక్కటే బానిసత్వాన్ని రద్దుచెయ్యలేదు, అంతర్యుద్ధం కావలసి వచ్చింది. కానీ ఆ యుద్ధం దేనికన్నది జనానికి అర్థమయ్యే భాషను ఆ చదువు తయారుచేసింది.

4

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలో జరిగాయి. అధ్యక్షుడుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను ప్రభుత్వం అప్పటికే అరెస్టు చేసింది. సభలు ముగిసిన కొద్దిరోజులకే, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. అడవి మీద జమీందారు హక్కును రైతులు ధిక్కరించారు. కలప తెచ్చుకున్నారు. వాళ్లను పట్టుకోడానికి వచ్చిన పోలీసులకు ఆడవాళ్లు అడ్డుపడ్డారు. సాసుమాను గున్నమ్మ, మరికొందరు ఆ కాల్పుల్లో చనిపోయారు. గున్నమ్మ అప్పుడు నిండు గర్భిణి.

ఆ ఊరివాళ్లు జెఫర్సన్‌ను చదవలేదు. చదవనక్కర్లేదు కూడా. అడవి నుంచి బండి కట్టిన రోజునే వాళ్లు అర్జీ వ్యాకరణం నుంచి బయటపడ్డారు. జమీందారు ‘తమరు’ నుంచి ‘అతడు’ అయ్యాడు. మా సమ్మతి లేని అధికారం అధికారం కాదన్న 1776 నాటి మాటను ఆ ఊరి స్త్రీలు నోటితో అనకుండా ఒంటితో అన్నారు. పునాది భావాలు పడమర నుంచి పడవెక్కి వచ్చాయనుకునేవాళ్లకు ఈ సంఘటన ఒక సమాధానం. అవి ప్రతి అణచివేతలోనూ మళ్లీ పుడతాయి. పత్రం చేసే పనల్లా వాటికి ఒక నిలకడ ఇవ్వడం.

ఆ నిలకడ మనకు రాజ్యాంగ సభలో వచ్చింది. 1946 డిసెంబరు 13న లక్ష్యాల తీర్మానం ప్రతిపాదిస్తూ నెహ్రూ అమెరికా, ఫ్రాన్సు, రష్యా విప్లవాల్ని తలుచుకున్నాడు. అదే తీర్మానం మీద ఎన్.జి. రంగా మాట్లాడుతూ ఈ దేశంలో నిజమైన మైనారిటీలు సామాన్య జనమేనన్నాడు. 1936లో కిసాన్ సభ పుట్టినప్పుడు దాని ప్రధాన కార్యదర్శి ఆయనే. తర్వాతి రోజుల్లో ఆయన ఎటు వెళ్లినా, ఆ ప్రశ్న మాత్రం సరైన చోట వేసిన ప్రశ్న. ఎందుకంటే ఆ సభ వయోజనులందరి ఓటుతో ఎన్నికైంది కాదు. ‘మేము’ అన్న చోట గుడారి రాజమణిపురం ఉందా అన్నదే ఆయన మాటల వెనక ఉన్న సందేహం.

మన పత్రం అమెరికా పత్రం కంటే కొన్నిచోట్ల నిజాయితీగా ఉంది. 1787 రాజ్యాంగం దాచిన మాటను మనది దాచలేదు. పదిహేడో అధికరణం అస్పృశ్యతను పేరుపెట్టి నిషేధించింది. ఇరవైమూడో అధికరణం వెట్టిని పేరుపెట్టి నిషేధించింది. వయోజనులందరికీ మొదటి రోజు నుంచే ఓటు ఇచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు.

అమెరికా నుంచి ఏం తెచ్చుకున్నాం, ఏం వదిలేశాం అన్న లెక్కలో ఒక చేదు కథ కూడా ఉంది. అయిదో సవరణలోని ఒక పదబంధం ప్రకారం న్యాయమైన ప్రక్రియ లేకుండా ఎవరి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తీసుకోకూడదు. దాన్ని అడ్డం పెట్టుకుని అమెరికా న్యాయమూర్తులు కార్మిక చట్టాల్ని కొట్టేసిన చరిత్ర ఉంది. 1947లో రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశాడు. ఆ పదబంధం పెట్టుకోవద్దని ఆయన సలహా. జమీందారీ రద్దు లాంటి చట్టాలకు కోర్టులు అడ్డుపడతాయన్న భయం మన నాయకులకూ ఉంది. దాంతో ఆ మాట పోయి ‘చట్టం నిర్ణయించిన ప్రక్రియ’ అనే బలహీనమైన మాట ఇరవై ఒకటో అధికరణంలో చేరింది. మొదటి దెబ్బ ఎవరికి తగిలింది? 1950లో మద్రాసు జైల్లో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్‌కు. చట్టసభ చేసిన ప్రక్రియ ఉంటే చాలు, అది న్యాయమైనదా అని మేం అడగమని సుప్రీంకోర్టు ఆయన కేసులో తేల్చింది. భూమి పంచడానికని వదులుకున్న మాట లేకపోవడం వల్ల భూమి పంచాలన్నవాడే జైల్లో ఉండిపోయాడు. ప్రక్రియ న్యాయంగా కూడా ఉండాలని కోర్టు ఒప్పుకోడానికి మేనకా గాంధీ కేసు దాకా, అంటే 1978 దాకా ఆగవలసి వచ్చింది. ఆస్తిని ప్రాథమిక హక్కుల నుంచి తొలగించిన నలభైనాలుగో సవరణ కూడా ఆ ఏడాదిదే. వ్యక్తి స్వేచ్ఛను బూర్జువా సరుకని తేలిగ్గా కొట్టిపారేసే మిత్రులు గోపాలన్ కేసు ఒకసారి చదవాలని నా విన్నపం.

5

1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో ఒక హెచ్చరిక చేశాడు. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం - ఈ వైరుధ్యంలోకి మనం అడుగుపెడుతున్నామని, దాన్ని త్వరగా తొలగించుకోకపోతే కట్టుకున్నదంతా కూలుతుందని దాని తాత్పర్యం. ఆ వైరుధ్యానికి తెలుగులో వచ్చిన గొప్ప సాహిత్య రూపం కాళీపట్నం రామారావు 1964లో రాసిన ‘యజ్ఞం’ అని నా అభిప్రాయం. ఆ కథను అప్పు కథగా, భూమి కథగా, కులం కథగా చాలామంది విశ్లేషించారు. దాన్ని రాజ్యాంగ కథగా కూడా చదవవచ్చు.

సుందరపాలెంలో అన్నీ ఉన్నాయి. అభివృద్ధి ఉంది. పంచాయితీ ఉంది. శ్రీరాములు నాయుడు లాంటి పెద్దమనిషి ఉన్నాడు. గోపన్నకు అప్పల్రాముడు పడిన బాకీ మీద తగువు ఏళ్ల తరబడి నలుగుతుంది. దౌర్జన్యం ఎవరూ చెయ్యరు. అందరి మాటా వింటారు. ఒకనాడు కాస్త కలిగినవాడైన అప్పల్రాముడు ఎట్లా చితికిపోయాడో, అతన్ని చితక్కొట్టిన మార్పులు ఊరి అభివృద్ధి పేరుతోనే ఎట్లా వచ్చాయో కథ ఓపికగా చెబుతుంది. చివరికి తీర్పు న్యాయంగానే వస్తుంది. అప్పు తీర్చాలి. తీర్చాలంటే మిగిలిన భూమి పోవాలి. భూమి పోతే పిల్లలు పాలేర్లు కావాలి. అప్పల్రాముడు ఒప్పుకుంటాడు. పెద్దకొడుకు సీతారాముడు ఒప్పుకోడు. తన పసికొడుకును చంపి, వాణ్ణి బానిస కానివ్వనని చూపిస్తాడు.

అమెరికా పత్రాల ముఖ్య భావాలు ఇక్కడ ఒక్కొక్కటే పరీక్షకు నిలబడతాయి. అధికారంలో ఉన్నవాడి మంచితనాన్ని నమ్ముకోవద్దు, చట్టం చేసేవాడూ అమలుచేసేవాడూ తీర్పుచెప్పేవాడూ వేరువేరుగా ఉండి ఒకరినొకరు అదుపుచెయ్యాలి అన్నది మాడిసన్ ప్రభృతుల రాజ్యాంగ బుద్ధి. సుందరపాలెంలో ఈ మూడూ ఒక పెద్దమనిషి చుట్టూ అల్లుకుని ఉన్నాయి. ఆయన దుర్మార్గుడు కాడు, మంచివాడు. రామారావు గారి ప్రతిభ అక్కడే ఉంది. దుర్మార్గుడై ఉంటే, మంచివాణ్ణి ఎన్నుకుంటే సరిపోతుందని పాఠకుడు తప్పించుకునేవాడు. మరి అధికార విభజన ఉంటే సరిపోయేదా? కోర్టుకు పోయినా బాకీ బాకీయే. ఆస్తి పంపిణీలోని అసమానతే సమాజంలో ముఠాలకు అన్నిటికన్నా సాధారణమైన, శాశ్వతమైన కారణమని మాడిసనే 1787లో రాశాడు. ఆ కారణాన్ని తీసెయ్యకుండా దాని ఫలితాల్ని అదుపుచేసే యంత్రాన్ని మాత్రం నిర్మించాడు. ఆ యంత్రం ఎంత చక్కగా తిరిగినా అప్పల్రాముడికి అదే తీర్పు వస్తుంది.

ఇక సమ్మతి. అప్పల్రాముడు ఒప్పుకున్నాడు కదా! పాలితుల సమ్మతే అధికారానికి మూలమని చెప్పిన సిద్ధాంతం ఈ ఒప్పుకోలు ముందు నీళ్లు నములుతుంది. వేరే దారి లేనివాడి సమ్మతి సమ్మతేనా అని 1776 ప్రకటన అడగలేదు. ‘యజ్ఞం’ అడిగింది.

ఆ ముగింపు అతిగా ఉందని, అసహజమని అభ్యంతరాలున్నాయి. వాటికి చరిత్ర జవాబు చెప్పింది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కుటుంబంతో గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి సిన్సినాటి చేరింది. పట్టుకునేవాళ్లు చుట్టుముట్టగానే కూతుర్ని మళ్లీ బానిసత్వంలోకి పంపలేక తన చేతులతోనే చంపింది. ఆమెను వెనక్కి తెచ్చిన చట్టం 1850 నాటిది. దానికి మూలం ఆ ‘కట్టుబడిన వ్యక్తి’ అనే రాజ్యాంగ వాక్యమే. ఆమె హత్య చేసిన మనిషా, తప్పిపోయిన ఆస్తా అన్నదే అప్పటి వివాదం. ఆస్తిగానే ఆమెను వెనక్కి పంపారు. ఈ సంఘటన ఆధారంగా టోనీ మోరిసన్ 1987లో ‘బిలవెడ్’ నవల రాసింది. దానికి ఇరవై మూడేళ్ల ముందే, శ్రీకాకుళం మనుషుల కథ రాస్తూ రామారావు అదే చోటికి చేరుకున్నాడు. ప్రభావం ప్రసక్తి లేదు. మనిషిని ఆస్తి లెక్కలో కలిపే చట్టం ఎక్కడున్నా, సమానత్వం రాసిపెట్టుకున్న దేశంలో ఉన్నా సరే, తల్లిదండ్రుల్ని ఆ చోటికే నెడుతుంది. సీతారాముడి నాటికి ఇరవైమూడో అధికరణం వచ్చి పద్నాలుగేళ్లు. వెట్టిచాకిరి పద్ధతిని రద్దుచేసే చట్టం వచ్చింది మాత్రం 1976లో.

ఇప్పుడు సర్వనామం దగ్గరికి వద్దాం. సుందరపాలెం పెద్దల వాదమంతా ‘మన ఊరు’ అన్న భావన మీద నిలబడి ఉంది. మన ఊరి మర్యాద, మన ఊరి అభివృద్ధి, మన ఊళ్లో మాట తప్పే అలవాటు లేకపోవడం. 1787 నాటి ‘మేము’ సంకుచితమైనదే కానీ తనెవరో దాచుకోదు. సుందరపాలెం ‘మనం’ అందర్నీ కలుపుకుంటున్నట్టు కనిపిస్తూ, ఖర్చంతా ఒకడి మీద వేస్తుంది. ఇది మొదటిదానికంటే ప్రమాదకరం. సీతారాముడు ఆ ‘మనం’ నుంచి బయటికి వచ్చేస్తాడు. కానీ వచ్చి నిలబడటానికి అతనికి ‘మేము’ లేదు. ఒంటరివాడు. అందుకే అతని కత్తి లోపలికి, తన బిడ్డ మీదికే తిరిగింది. గున్నమ్మ చుట్టూ ఊరి ఆడవాళ్లున్నారు, సీతారాముడి చుట్టూ ఎవరూ లేరు. ఈ లోటును కథ దాచలేదు. దాచి ఉంటే అది నినాదమయ్యేది.

ఆ ‘మేము’ను వెతుక్కుంటూ ఈ ప్రాంతం తర్వాత నడిచిన దారి మనకు తెలిసిందే. ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకూడదని 1959లో నిబంధన వచ్చింది. భూములు పోతూనే ఉన్నాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపాక కొండల్లో పోరాటం ఆయుధం పట్టింది. బొడ్డపాడు కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ నిబంధనను గట్టిపరిచిన సవరణ 1970లో వచ్చింది. ఆ మార్గం గురించి మనలో భేదాభిప్రాయాలుండవచ్చు, ఉన్నాయి కూడా. కానీ పాణిగ్రాహి జముకుల కథను ఎంచుకోవడం వెనక ఉన్న సాహిత్య వివేకాన్ని కాదనలేం. జనం తమ గొంతుతో ‘మేము’ అనడానికి వాళ్లకు ముందే తెలిసిన రూపాన్నే ఆయన తీసుకున్నాడు.

6

ఇదంతా పాత చర్చ కాదు. 2010 జూలై 14న సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న టెక్కలికి దిగువన కాకరాపల్లి దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. రెండుచోట్లా వివాదం థర్మల్ విద్యుత్ కేంద్రాల గురించే. ప్రభుత్వ పక్షం భాష ‘మనం’ భాష: మన రాష్ట్రానికి కరెంటు, మన ప్రాంతానికి అభివృద్ధి. బీల మీద బతికే రైతులు, మత్స్యకారులు ‘మేము’ అన్నారు. ప్రజాభిప్రాయ సేకరణ అనే తంతులో తమ సమ్మతి లేదన్నారు. పాలితుల సమ్మతి అనే పెద్దమాటకు మన తీరంలో అర్థం ఇది. సోంపేట ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతి ఆ తర్వాత నిలబడలేదు.

ఈ నేపథ్యంలో మన రచయితలతో ఒక మాట. ఉద్దానం మీద ఇప్పుడు కథలు, కవితలు చాలా వస్తున్నాయి. కిడ్నీ జబ్బు మీద, జీడి కార్మికుల మీద, వలసల మీద. వాటి వెనక ఉన్న దయను నేను శంకించను. కానీ చాలా రచనల్లో మన మనుషులు అర్జీలో ఉన్నట్టే ఉంటున్నారు. మొదట పేదరికం, తర్వాత రోగం, చివర పాఠకుడికి వేడికోలు. పాఠకుడే ‘తమరు’. అందులో పాత్రలు ‘మేము’ అనవు, వాళ్ల తరఫున రచయిత అంటాడు. కొన్నిటిలో ఇంకో అడుగు ముందుకు వేసి, రచయిత అందర్నీ కలిపి ‘మనం’ అనేస్తాడు. తోటమాలికీ తోట యజమానికీ ఒకే దుఃఖం పంచిపెట్టే ‘మనం’ అది. సుందరపాలెం పెద్దల ‘మనం’కు అది ఎంత దగ్గరో వాళ్లు గమనించరు.

వస్తువు అభ్యుదయకరమైనదా అని మాత్రమే చూసే మన పాత కొలబద్ద ఇక్కడ చాలదు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎవరిని కలుపుకుని, ఎవరిని వదిలి - ఇవి కూడా అడగాలి. ఇవి శిల్ప ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ 1776లో ‘తమరు’ను ‘అతడు’గా మార్చినప్పుడు జరిగింది శిల్పం మాత్రమే కాదు. డగ్లస్ చేసిన పని, గున్నమ్మ చేసిన పని, ‘యజ్ఞం’ చేసిన పని ఈ ప్రశ్నల్నే వేరువేరు చోట్ల వెయ్యడం.

మా బడిలో పిల్లలు ప్రార్థన వేళ ప్రవేశిక చదువుతారు. ఒకడు చదువుతాడు, మిగతావాళ్లు వెనకాల అంటారు. వినేవాడికి ఆ ‘మేము’ దూరంగా ఉంటుంది. తన వంతు వచ్చి పైకి చదివేవాడి నోట్లో మాత్రం ఆ మాట తనదవుతుంది. పత్రం రాసినవాళ్లు ఎవరైనా, ఆ క్షణంలో ‘మేము’ అంటున్నది జీడి పిక్కలు కొట్టే తల్లి కొడుకు. ఆ మాటకు అర్థమేమిటో వాడికి చెప్పడం ఉపాధ్యాయుల పని. వాడికి ఇంకా దక్కనిదేమిటో చెప్పడం రచయితల పని. రెండో పని మానేసి మొదటిది ఎంత చేసినా మేం చెప్పేది పాఠంగానే మిగిలిపోతుంది.